తాతగారి మూడు చావులూ, మావయ్యగారి వన్స్‌మోరూ

ఆ రోజుల్లో నా దగ్గర లేనిది ఉద్యోగం ఒక్కటే, టైము మాత్రం దండిగా ఉండేది. ఇప్పుడంతా తలకిందులైంది కాబట్టి అప్పటి నన్ను చూస్తే నాకే కాస్త అసూయ. పెళ్లయిన మూడో నెలలో మిషిగన్‌లోని నోవైలో దిగాను. మావారు కార్ల కంపెనీలకి సాఫ్ట్‌వేర్ రాసే ఆఫీసులో పని చేసేవారు. నాది భర్త వెనకాల వచ్చిన వీసా. దాని మీద వంట చెయ్యొచ్చు, బట్టలు మడతపెట్టొచ్చు, కిటికీలోంచి మంచు చూడొచ్చు, జీతం మాత్రం తీసుకోకూడదు. ఎమ్మెస్సీ ఫస్ట్ క్లాసులో పాసైన నేను, చలికాలం వచ్చేసరికి మా అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లోకి ఏ కారు ఎన్నింటికి వస్తుందో కంఠతా చెప్పగలిగే స్థితికి చేరుకున్నాను. (ఎదురింటాయన ఎర్ర ట్రక్కు అయిదూ పదికి. ఒకరోజు అయిదున్నరైనా రాకపోతే కంగారుపడి మావారి ఆఫీసుకి ఫోన్ చేశాను. ఆయన ఏమన్నారో ఇక్కడ రాయను.)

ఆ ఫోన్ దెబ్బకి మావారు నన్ను పక్క ఊరి లైబ్రరీలో వాలంటీరుగా చేర్పించారు. జీతం లేదు కాబట్టి వీసాకి అభ్యంతరం లేదు. ఆ లైబ్రరీ వెనక భాగంలో ఊరి చరిత్ర గది అని ఒకటుండేది. పాత ఫోటోలూ, ఉత్తరాలూ, పేపర్ కటింగులూ స్కాన్ చేసి కంప్యూటర్లో పెట్టడం నా పని. నాకు పని చెప్పే ఆవిడా నాలాగే జీతం లేని మనిషి. వయసు ఎనభై ఒకటి. చలికాలమంతా ఒకే పసుపుపచ్చ స్వెటర్ వేసుకునేవారు కాబట్టి మా ఇంట్లో ఆవిడ పేరు పసుపు స్వెటరావిడ. ఆ గదిలోకి పెన్ను తేకూడదు, పెన్సిలే. కాఫీ తేకూడదు. చేతులు కడుక్కుని, తడి లేకుండా తుడుచుకుని, అప్పుడు కాగితం ముట్టుకోవాలి. (మా అమ్మమ్మ మడి ఇంతకన్నా సులువు.) ఆవిడ నన్ను కోప్పడిన రోజులూ ఉన్నాయి. కానీ అమెరికాలో నన్ను "హౌ ఆర్ యూ" అని అడిగి, నేను జవాబు చెప్పడం పూర్తయ్యేదాకా నిలబడి విన్న మొట్టమొదటి మనిషి ఆవిడే. మావారు కాకుండా ఆ దేశంలో నాకంటూ ఉన్న మనిషీ ఆవిడొక్కరే.

నేను చేరిన ఏడాదికి, ఒక మంగళవారం, ఆవిడ దిండు గలీబులో చుట్టిన లావుపాటి స్క్రాప్‌బుక్కు ఒకటి తెచ్చి నా టేబుల్ మీద పెట్టారు. "మా తాతయ్యది. స్టేజీ యాక్టర్. దీన్ని లైబ్రరీకి ఇచ్చేద్దామనుకుంటున్నాను. ముందు నువ్వు స్కాన్ చెయ్యి," అన్నారు. ఆ తాతగారి కథ నేను ఆ అట్టల మధ్యే చదువుకున్నాను. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఆయన ఈ ఊళ్లోనే గుర్రబ్బగ్గీల ఫ్యాక్టరీలో సీట్లు కుట్టేవాడు. ఊరికొచ్చిన నాటకాల కంపెనీలో ఒకాయనకి జ్వరం వస్తే, ఆ ఒక్క రోజుకీ పోలీసు వేషం కడతానని వెళ్లి, మర్నాడు ఫ్యాక్టరీకి వెళ్లడం మానేసి వాళ్లతో పాటే రైలెక్కాడు. పద్నాలుగేళ్లు దిగలేదు. రోజుకో ఊరు, ఊరికో స్టేజీ, రైల్లోనే నిద్ర. కంపెనీలో పియానో వాయించే అమ్మాయినే పెళ్లి చేసుకున్నాడు. మనిషి చూడ్డానికి మెత్తగా, మన బ్యాంకు గుమాస్తాలా ఉంటాడు గానీ, కనుబొమ్మలు దిద్ది నల్లకోటు తొడిగితే మాత్రం దుష్టుడి వేషానికి ఆయన్ని మించినవాడు లేడని ఊరూరి పేపర్లూ రాశాయి. దుష్టుడంటే చివరి అంకంలో చావాలి కదా. చావడంలో మొనగాడు. కత్తిపోటుతో చచ్చాడు, విషం తాగి చచ్చాడు, తుపాకి గుండు తగిలి చచ్చాడు, ఒకసారి నీలంగుడ్డ అలల్లో మునిగి కూడా చచ్చాడు. కొన్ని ఊళ్ల పోస్టర్ల మీద హీరో పేరు కన్నా ఈయన చస్తాడన్న సంగతే పెద్దక్షరాల్లో వేశారు.

నాకు అన్నిటికన్నా నచ్చినవి పేజీల అంచుల్లో ఆయన పెన్సిల్‌తో రాసుకున్న ముక్కలు. ఏ ఊరి స్టేజీ మీద పడటానికి చెక్క మెత్తగా ఉంటుందో, ఎక్కడ మేకులు పైకి లేచి ఉన్నాయో, ఎక్కడ ఎడమవైపు పడితే ముందు వరసలో వాళ్లకి బూట్లు తప్ప మొహం కనబడదో, అన్నీ రాసిపెట్టుకున్నాడు. నేనూ ఆ దేశంలో ఎక్కడ అడుగేస్తే జారిపడతానో చూసుకుంటూ నడుస్తున్న రోజులవి. అందుకేనేమో, ఆయన మీద నాకు బంధువుల మీద ఉండేంత ప్రేమ పుట్టింది.

చివరి పేజీలో ఒక కటింగు మడతపెట్టి, మడత విప్పకుండా అంటించి ఉంది. నేను విప్పబోతుంటే ఆవిడ నా చేతి మీద చెయ్యి వేశారు. తర్వాత ఏమనుకున్నారో, తనే విప్పి చూపించారు. అది ఈ ఊరి పేపర్లోదే. ఒక శనివారం మధ్యాహ్నం ఇక్కడి ఆపెరా హౌసులో (అంటే ఇప్పటి పాత సామాన్ల కొట్టు పైఅంతస్తు) తాతగారు నాటకం ఆడాడు. ఆయన చచ్చాక జనం కేకలు పెట్టి మళ్లీ లేపి మళ్లీ చంపారు. అలా మూడుసార్లు. మూడో చావు అయ్యేసరికి పాలు పితికే వేళ ఎప్పుడో దాటిపోయిందనీ, ఆ సాయంత్రం జిల్లాలోని ఆవులన్నిటికీ అన్యాయం జరిగిందనీ ఆ పేపరాయన ఒక చమత్కారం కూడా విసిరాడు. ఆ చలికాలంలోనే తాతగారు స్టేజీ వదిలేశాడు. బగ్గీల ఫ్యాక్టరీ కాస్తా అప్పటికి కార్ల ఫ్యాక్టరీ అయింది. మళ్లీ సీట్లు కుట్టుకుంటూ కూర్చున్నాడు. నాటకం అన్న మాట మళ్లీ ఎత్తలేదు.

"చిన్నప్పుడు ఒకసారి, తాతయ్యా చచ్చిపోయి చూపించవా అని అడిగాను," అన్నారావిడ. "లేచి గదిలోంచి వెళ్లిపోయాడు. సొంత ఊరివాళ్లే ఆయన్ని నవ్వులపాలు చేశారని మా మామ్మ చెప్పేది. ఈ ఒక్క పేజీ స్కాన్ చెయ్యకు. లైబ్రరీకిచ్చే ముందు దీన్ని తీసేస్తాను. ఎవరికీ చెప్పనని మాటివ్వు."

మాటిచ్చాను. మావారికి కూడా చెప్పలేదు. (ఆయనకి ఒక సంగతి చెప్పినా చెప్పకపోయినా పెద్ద తేడా ఉండదనుకోండి.)

సరిగ్గా ఆ నెలలోనే మా మావయ్యగారు దిగారు. వీసా స్టాంపింగు ఆలస్యమై, చలి మొదలై అందరి మావగార్లూ వెనక్కి వెళ్లిపోయే కాలంలో ఈయన వచ్చారు. మా ఆడపడుచు పురిటికి అత్తయ్యగారు విజయవాడలోనే ఉండిపోవడంతో ఒంటరిగా వచ్చారు. తెనాలి దగ్గర ఒక ఊళ్లో సబ్ పోస్టుమాస్టరుగా చేసి రిటైరైన మనిషి. ఆయన గొంతు గురించి ముందే చెప్పుకోవాలి. మైకులు నమ్మకంగా పనిచెయ్యని రోజుల్లో పౌరాణిక నాటకాలాడిన గొంతు అది. ఇంట్లో "అమ్మాయ్, మంచినీళ్లు" అంటే పైఫ్లాటువాళ్లు ఉలిక్కిపడేవారు. ఇండియాకి ఫోన్ చేస్తే అసలు ఫోన్ ఎందుకా అనిపించేది. ఇంట్లో ఒక్కర్నే వదలలేక, మావారు నన్ను లైబ్రరీ దగ్గర దింపేటప్పుడు ఆయన్నీ వెంట తీసుకెళ్లేదాన్ని. "మావయ్యగారూ, ఇక్కడ నోరు తెరవకూడదండీ," అని కారు దిగే ముందు రోజూ పాఠం చెప్పేదాన్ని. "సరేనమ్మా!" అనేవారు. ఆ సరే వినడానికే లోపలున్న నలుగురు తలలు తిప్పి చూసేవారు.

పసుపు స్వెటరావిడకి మాత్రం ఆయన నచ్చారు. ఆయన ఆవిడని మొదటిరోజు "రెస్పెక్టెడ్ మేడమ్" అన్నారు, రెండో రోజు నుంచి "అక్కగారు" అన్నారు. ఆ మాటకి అర్థం నేను చెబితే ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. తాతగారి ఫోటోలు ఒక్కొక్కటే చూపిస్తే మావయ్యగారు చాలాసేపు చూసి, "నిలబడ్డ తీరు చూడమ్మాయ్. వెనక వరసలో వాడికి కూడా కనపడాలని నిలబడ్డాడు. ఇతను మనవాడే," అన్నారు.

మావయ్యగారిది మంత్రి వేషం. ముప్ఫై ఏళ్లు మంత్రే. ఎన్ని రాజ్యాలు మారినా, ఎంతమంది రాజులు చచ్చినా ఈయన మాత్రం మంత్రిగానే మిగిలారు. నాటకం మొత్తంలో మంత్రికి నాలుగు పాదాల పద్యం ఒక్కటే ఉండేది. అది కూడా, ఆలస్యమైపోతోందని హార్మోనియం ఆయన ఒక్కోసారి మింగేసేవాడు. మా వైపు నాటకాల్లో పద్యం నచ్చితే జనం "వన్స్‌మోర్" అని కేకేస్తారు. అప్పుడు ఎక్కడున్న కథ అక్కడ ఆగిపోవాల్సిందే, పద్యం మళ్లీ పాడాల్సిందే. చచ్చిపడ్డవాడైనా సరే. ఒకసారి వాళ్ల ఊళ్లో యుద్ధంలో కూలిపోయిన రాజుకి వన్స్‌మోర్ పడితే, ఆయన లేచి, దుమ్ము దులుపుకుని, శ్రుతి అందుకుని, రాగం తీసి పద్యమంతా పాడి మళ్లీ చచ్చాడట. చంపినవాడు అంతసేపూ గద భుజాన వేసుకుని, పక్కన చెమట తుడుచుకుంటూ నిలబడ్డాడట. ఈ కథ చెప్పి మావయ్యగారు పగలబడి నవ్వేవారు. "మరి మీకెన్ని వన్స్‌మోర్లు పడ్డాయండీ?" అని ఒకరోజు నవ్వుతూనే అడిగాను. ఆయన నవ్వు ఆపి, "మంత్రికెవరు కొడతారమ్మా," అని పేపరు తీసుకున్నారు. అది తిరగేసి పట్టుకున్నారని కూడా నేను గమనించాను. గమనించి ఊరుకున్నాను. ఆ వయసులో నాకు ఇంకొకరి దిగులు కన్నా పొయ్యి మీది పప్పు ముఖ్యం.

స్క్రాప్‌బుక్కు లైబ్రరీకి ఇచ్చే సందర్భంగా ఒక శనివారం మధ్యాహ్నం సభ పెట్టారు. మీటింగు గదిలో కుర్చీలు, బల్ల మీద కుకీలు, వేడివేడి ఆపిల్ సైడర్. నేను చేసిన స్లైడ్లు మొదట. తర్వాత తాతగారి చేతిరాతలో దొరికిన దుష్టుడి చివరి మాటలు ఆవిడ చదువుతారు. ఆ తర్వాత లైబ్రరీ వాళ్ల కాగితాల మీద సంతకం. మడత కటింగు ఉన్న పేజీ ముందే తీసేసి ఆవిడ తన చేతిసంచీలో పెట్టుకున్నారు. నేను మావయ్యగారిని చివరి వరసలో గోడవైపు కూర్చోబెట్టి, మళ్లీ పాఠం చెప్పాను.

ఆవిడ కుర్చీలో కూర్చునే చదివారు. గొంతు సన్నగా, కొంచెం వణుకుతూ ఉంది. తను చేసిన పాపాలన్నీ ఒప్పుకుని, ఎవరినీ క్షమించమని అడక్కుండా చచ్చిపోయే మనిషి మాటలవి. చివరి వాక్యం అయ్యాక కాగితం ఒళ్లో పెట్టుకుని మెల్లగా తల వాల్చేశారు. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"వన్స్‌మోర్!"

తెనాలి రేపల్లెల మధ్య ఎంత మైదానమైనా చాలని గొంతు, నలభై కుర్చీల గదిలో పేలింది. అందరూ ఒక్కసారిగా వెనక్కి తిరిగారు. సైడర్ పోస్తున్నాయన కప్పు వదిలేశాడు. మావయ్యగారు లేచి నిలబడి చప్పట్లు కొడుతూ, మొహం వెలిగిపోతూ, మళ్లీ "వన్స్‌మోర్!" అన్నారు. ఎవరో ఒకావిడ ఫక్కున నవ్వి, వెంటనే నోరు మూసుకుంది.

పసుపు స్వెటరావిడ తల ఎత్తారు. మావయ్యగారి వైపు కాదు, నా వైపు చూశారు. ఆ చూపు అర్థం కావడానికి నాకు ఒక్క క్షణం కూడా పట్టలేదు. మూడుసార్లు చంపించిన కథ నేను మా ఇంట్లో చెప్పి, అందరం నవ్వుకున్నామని, ఇప్పుడు అదే నవ్వు తీసుకొచ్చి ఆవిడ మొహాన కొట్టామని ఆవిడ అనుకున్నారు. స్క్రాప్‌బుక్కు దిండు గలీబులో పెట్టుకుని, కోటు తొడుక్కుని, సంతకం పెట్టకుండా వెళ్లిపోయారు. నేను వెనకాల పరిగెత్తాను గానీ పార్కింగ్‌లో మంచు మీద జారి చతికిలబడ్డాను. లేచేసరికి ఆవిడ కారు రోడ్డెక్కింది.

ఇంటికొచ్చేదాకా మావయ్యగారు ఉత్సాహంగానే ఉన్నారు. "ఎంత బాగా చదివారమ్మా అక్కగారు! మరి రెండోసారి చదవకుండా వెళ్లిపోయారేం? మొహమాటమా?" అన్నారు. నేను ఇచ్చిన మాట, పోయిన స్నేహం, మంచులో నొప్పెట్టిన నడుము అన్నీ కలిసి నా నోట్లోంచి ఊడిపడ్డాయి. మడత కటింగు కథంతా చెప్పేశాను. మామగారితో కోడలు మాట్లాడకూడని గొంతుతో చెప్పాను. "నోరు తెరవద్దని ఎన్నిసార్లు చెప్పానండీ మీకు?" అని కూడా అన్నాను. ఆయన ఆ పూట అన్నం కలుపుకుని, కాసేపు చూసి, చెయ్యి కడిగేసుకున్నారు.

మర్నాడు ఆదివారం పొద్దున్న తొమ్మిదింటికి మంకీ క్యాపు పెట్టుకుని, బూట్లు వేసుకుని తలుపు దగ్గర నిలబడి ఉన్నారు.

"అమ్మాయ్, కారు తియ్యి."

"మావయ్యగారూ, బయట మంచు కురుస్తోందండీ. మీ అబ్బాయిని లేపుతాను."

"వాడొద్దు. వాడొస్తే సారీ చెప్పించి తీసుకొచ్చేస్తాడు. నువ్వు తియ్యి."

నాకు లైసెన్సు వచ్చి పదిహేను రోజులు. మంచులో అదే మొదటి డ్రైవింగు. నేను స్టీరింగు పట్టుకున్న పట్టుకి వేళ్లు తెల్లబడ్డాయి. మావయ్యగారు పక్క సీట్లో కూర్చుని లేని బ్రేకుని కుడికాలితో తొక్కుతూనే ఉన్నారు. దారిలో ఆయన మాట్లాడింది ఒక్క ముక్క. "ఆ పేపర్లో ఆవుల సంగతి నిజంగానే రాశాడా?" రాశాడన్నాను.

ఆవిడ తలుపు తీశారు గానీ రమ్మనలేదు. చలి లోపలికి వస్తోందని కాబోలు, చివరికి పక్కకి జరిగారు. కూర్చోమనకపోతే మావయ్యగారు నిలబడే మాట్లాడారు. ఆయన ఇంగ్లీషు టెలిగ్రాముల ఇంగ్లీషు, అడ్డమొచ్చిన చోటల్లా తెలుగులో చెప్పి నన్ను చెప్పమనేవారు.

"అక్కగారూ, ఈ అమ్మాయి నాకేం చెప్పలేదు. నిన్న నేను అరిచాకే చెప్పింది. మా అబ్బాయి మీద ఒట్టు. మా ఊళ్లో ఎగతాళి చెయ్యాలంటే వేరే పద్ధతులున్నాయండీ. ఈలలేస్తారు. దిగవయ్యా అంటారు. తెర దింపెయ్యమంటారు. అవన్నీ నాకు పడ్డాయి, నాకు బాగా తెలుసు. వన్స్‌మోర్ అని మాత్రం ఎగతాళికి ఎవ్వడూ అనడు. అది పడాలని ముప్ఫై ఏళ్లు ఎదురుచూశాను నేను."

నేను చెప్పాను. ఆవిడ చేతులు కట్టుకుని విన్నారు. "అది మీ ఊళ్లో. ఇక్కడ కాదు," అన్నారు.

"ఒక్కసారి ఆ కాగితం చూపిస్తారా?"

ఆవిడ చేతిసంచీ తెచ్చి పేజీ తీసి బల్ల మీద పెట్టారు. మావయ్యగారు కళ్లజోడు పెట్టుకుని, వేలు ఆనించకుండా (అది నేర్చుకున్నారు) అక్షరం అక్షరం చదివి, ఆవుల దగ్గర ఆగారు.

"మేం గేదెల్ని పెట్టుకున్నవాళ్లం అక్కగారూ. వేళ దాటితే పాడిపశువు ఊరుకుంటుందా? పొదుగు బిగుసుకుపోయి, అరిచి ఊరు పీకి పందిరేస్తుంది. దాని బాధ చూళ్లేం. ఎవరినో చూసి నవ్వుకోడానికి రైతన్నవాడు పశువుని అట్లా ఏడిపిస్తాడా? నవ్వుకునేవాడు ఒకసారి నవ్వుకుని ఇంటికి పోతాడు. వీళ్లు పోలేకపోయారు. ఇంటి దగ్గర ఆవు అరుస్తోందని తెలిసీ పోలేకపోయారంటే, మీ తాతగారు ఎట్లా చచ్చి ఉంటాడో ఆలోచించండి."

ఈ ముక్కలు ఇంగ్లీషులోకి మార్చడానికి నేను పడ్డ అవస్థ అంతా ఇంతా కాదు. పొదుగుకి ఇంగ్లీషు మాట నాకు సమయానికి తట్టలేదు. చేతులతో చూపించాను. (ఎమ్మెస్సీ ఫస్ట్ క్లాసు.) ఆవిడ నా చేతుల వైపు చూసి నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు.

"మా నాన్నది డైరీ ఫారం," అన్నారు మెల్లగా. "పదహారేళ్లు వచ్చేదాకా నేనే పితికేదాన్ని. క్రిస్మస్ రోజైనా, చర్చికెళ్లే రోజైనా, మా నాన్న ఒక్క పూట... ఒక్క అరగంట ఆలస్యం కానిచ్చేవాడు కాదు." అరచెయ్యి ఆ కటింగు మీద బోర్లా పెట్టి అలాగే కూర్చున్నారు. అంత జాగ్రత్త మనిషి, చేతులు కడుక్కోకుండా ఆ కాగితాన్ని ముట్టుకోవడం నేను చూడటం అదే మొదటిసారి.

"మరి ఎందుకు మానేశాడు?" అని అడిగారు చివరికి. నన్ను కాదు, ఆయన్ని.

"అది నాకు తెలీదు అక్కగారూ. సినిమాలొచ్చి కంపెనీ మూతపడిందేమో. ఇంట్లో ఏం కష్టమొచ్చిందో. తెలీని సంగతి తెలుసని చెప్పను. కానీ ఊరు నవ్వితే మానలేదు. ఆ మాట మాత్రం కావాలంటే పోస్టాఫీసు స్టాంపు వేసి రాసిస్తాను."

అప్పుడు నవ్వారావిడ. నవ్వుతూనే కళ్లు తుడుచుకుని మమ్మల్ని కూర్చోమన్నారు. కాఫీ పెడుతూ, నేను ఒకప్పుడు అడిగిన ప్రశ్నే వంటింట్లోంచి అడిగారు. మీకు ఎన్నిసార్లు పడింది అని. మావయ్యగారు ఈసారి పేపరు వెనక దాక్కోలేదు. "ఒక్కసారి కూడా లేదండీ," అన్నారు. ఆవిడ ఆయన కప్పులో చక్కెర అడక్కుండానే మూడు చెంచాలు వేశారు.

సభ మళ్లీ పెట్టాలని పట్టుబట్టింది ఆవిడే. రెండు వారాల తర్వాత, మావయ్యగారి తిరుగు ప్రయాణానికి నాలుగు రోజుల ముందు, అదే గది, అవే కుర్చీలు, అవే కుకీలు. ఈసారి చివరి పేజీని మడత విప్పి, అందరికంటే ముందు కనపడేలా అద్దం కింద పెట్టించారు. తాతగారి చివరి మాటలు మళ్లీ చదివారు, ఈసారి లేచి నిలబడి. సంతకం పెట్టారు. పెట్టాక, ఈ ఊరికి ఇంకో నటుడు వచ్చాడని చెప్పి మావయ్యగారిని ముందుకు పిలిచారు.

ఆయనకి ఏమీ అర్థం కాలేదు. నేనే తోశాను. స్వెటర్ మీద కోటు, కోటు మీద మఫ్లరు, తల మీద మంకీ క్యాపు. క్యాపు మాత్రం తీసి జేబులో పెట్టుకుని, వెనక వరసలో వాడికి కూడా కనపడేలా నిలబడి, మంత్రి పద్యం ఎత్తుకున్నారు. ప్రభువు ముందు నిజం చెప్పబోయే మంత్రి, తన తల తీసినా సరే మాట దాచనని చెప్పే నాలుగు పాదాలు. హార్మోనియం లేదు. ఆపేవాళ్లు లేరు. చివరి పాదం రాగం ఆయన తీసినంతసేపు తీశారు. నేను మావారి కొత్త క్యామ్‌కార్డర్‌తో రికార్డు చేస్తున్నాను. పద్యం అయిపోయింది. చప్పట్లు కొట్టారు. టేపు ఎందుకు వృథా అని ఠక్కున బటన్ నొక్కి ఆపేశాను.

"వన్స్ మోర్," అన్నారు పసుపు స్వెటరావిడ. సన్నటి గొంతుతో, కానీ గట్టిగా. ఆ మాట అక్కడ ఇంకెవరికీ తట్టి ఉండదు.

మావయ్యగారు ఆవిడ వైపు తిరిగారు. దణ్ణం పెట్టారు. మళ్లీ మొదలుపెట్టారు. మూడో పాదంలో గొంతు పూడుకుపోయింది. ఆగి, నేల వైపు చూసి, శ్రుతి మళ్లీ అందుకుని పూర్తి చేశారు. నేను క్యామ్‌కార్డర్ చేతిలో పట్టుకుని, అది ఆన్ చెయ్యాలన్న సంగతి మర్చిపోయి, నిలబడి ఏడ్చాను.

నాలుగేళ్ల తర్వాత మావయ్యగారు పోయారు. ఆ మరుసటి ఏడాదే ఆవిడ. మొన్న పాత టేపుల్ని కంప్యూటర్‌లోకి ఎక్కిస్తుంటే మా అమ్మాయి పక్కకొచ్చి కూర్చుంది. తాతయ్య మొహం దానికి గుర్తులేదు, గొంతు కూడా. పద్యం అంతా కదలకుండా వింది. చివర్లో, నేను ఆపేసిన చోట, బొమ్మ నిలిచిపోయింది. ముందు వరసలో పసుపు స్వెటరు, కొంచెం ముందుకు వంగి, ఏదో అనబోతూ సగం తెరిచిన నోరు.

"అమ్మా, ఆ గ్రాండ్మా ఏం సే చేస్తోంది?" అని అడిగింది మా అమ్మాయి.

నోరు తెరవకూడదని అందరికీ పాఠాలు చెప్పిన మనిషిని కదా. ఆ రోజు బటన్ నొక్కేసిన అప్పటి నా మీద, ఆ ఇరవై ఆరేళ్ల పిల్ల మీద, కోపం రాలేదు, నవ్వే వచ్చింది. టేపు వృథా అవుతుందనుకుంది పాపం. పైఫ్లాటువాళ్ల సంగతి ఆలోచించకుండా, మా ఇంటి హాల్లో, నాకున్న గొంతంతా పెట్టి ఆ మాట చెప్పాను. టేపు వెనక్కి తిప్పి పద్యం మళ్లీ పెట్టాను.